కన్వర్టరు పరీక్షయందు శుద్ధసంకేతము

ధ్వని, ఉష్ణోగ్రత, హృదయస్పందనము మున్నగునవి ఎడతెగక మారుచుండునవి. గణకయంత్రమునకు తెలిసినవి అంకెలు మాత్రమే. ఈ రెంటికి నడుమ దుబాసివలె నిలిచి, విద్యుత్సంకేతమును నియతకాలమున కొకమారు కొలిచి అంకెగా మార్చు సాధనమునకు అనలాగ్–డిజిటల్ కన్వర్టరని పేరు. దీనిని పరీక్షించుట సులభముగ తోచును గాని, అందొక చిక్కు గలదు.

కొలతయందెన్ని మెట్లుండునో బిట్ల సంఖ్య తెలుపును. 12 బిట్లకు 4,096 మెట్లు. 16 బిట్లకు 65,536. రెండు మెట్ల నడుమ పడిన విలువను సమీపపు మెట్టునకు చేర్పవలసి యుండుటచే స్వల్పదోషము తప్పదు. 1948లో డబ్ల్యు. ఆర్. బెన్నెట్ ఈ దోషమును రవముగా భావించి విశ్లేషించెను. ఆదర్శ కన్వర్టరునందు, సైన్ తరంగము ఈ రవముకంటె ఎన్ని డెసిబెళ్లు హెచ్చో తెలియుటకు బిట్ల సంఖ్యను 6.02చే గుణించి 1.76 కలుపవలెను. 16 బిట్లకది సుమారు 98.

పరీక్షకు సైన్ తరంగమునే వాడుదురు. ఏలయన, శుద్ధమైన సైన్ తరంగమున ఒకే పౌనఃపున్యముండును. ఫలితమున వేరొకటి కానవచ్చినచో దానిని కన్వర్టరు దోషముగా నెంచవచ్చును. అయితే తరంగజనకమే అశుద్ధమైనచో? దాని హార్మోనిక్కులన్నియు కలిసి మూలతరంగముకంటె 60 డెసిబెళ్లు మాత్రమే తక్కువగ నున్నచో, 16 బిట్ల కన్వర్టరు పది బిట్లకైనను చాలనట్లు కానవచ్చును. ఉక్తలేఖనమున పంతులు తప్పుగ పలికి, బాలుని పలకపై తప్పు పట్టినట్లే యిది. ఒక్కొక్కప్పుడు రెండు దోషములును పరస్పరము రద్దగుటచే, చెడ్డ కన్వర్టరు మంచిదిగ తోచుటయు కలదు.

దీనికి నివారణోపాయము, నడుమ నొక బ్యాండ్‌పాస్ ఫిల్టరు నుంచుట. అది హార్మోనిక్కులను అణచును. కాని మూలతరంగమునకు అతిసమీపమున నున్న రవమును అది తొలగింపజాలదు. అందులకు స్ఫటిక డోలకమువంటి నిర్మలజనకమే కావలెను. ఫిల్టరులోని ఫెర్రైటు తీగచుట్టలు తామే వికారము కలిగింపవచ్చును గావున, వాని ఎంపికయందును జాగరూకత వలయును.

కొలుచు క్షణమును సూచించు గడియారసంకేతమును స్థిరముగ నుండవలెను. సెకనుకు 10 కోట్ల ఆవర్తములు గల తరంగమును కొలుచునపుడు, ఆ క్షణము సెకనులో లక్షకోట్లవ వంతు అటునిటు చలించినను, ఫలితము సుమారు 64 డెసిబెళ్లకు మించదు. 12 బిట్లకు వలసినది 74.

కావున, పరీక్షాసాధనములు పరీక్షింపబడు వస్తువుకంటె నిర్మలములని ముందుగ రుజువైన పిదపనే తీర్పు చెప్పుట న్యాయము.