వంటనూనెయు వర్షారణ్యమును



కల్హేరులో ఏ కిరాణా దుకాణమునకు పోయినను నూనె పొట్లములు వరుసగా కానవచ్చును. వానిలో చౌకయైనది సాధారణముగా పామాయిలు. మనము వంటకు కొను నూనెలోనే గాక, పిల్లల బిస్కత్తులలోను, పండుగ మిఠాయిలలోను, స్నానపు సబ్బులలోను అది తరచుగా చేరియున్నది. ఈ నూనె యెచ్చటినుండి వచ్చుచున్నదో, దాని వలన ఎవరికేమి నష్టమో సంఘ సభ్యులు విచారింపవలెనని మేము కోరుచున్నాము.

ఈ చెట్టునకు పుట్టినిల్లు పశ్చిమాఫ్రికా. 1848లో నాలుగు మొక్కలు జావాద్వీపమందలి బోగోరు ఉద్యానమున నాటబడెను. నేడు లోకమునకు వలయు పామాయిలులో అత్యధిక భాగము ఇండోనేషియా, మలేషియా దేశములే పండించుచున్నవి. సుమత్రా, బోర్నియో ద్వీపములలో ఏడాది పొడవునను వానలు కురియు మహారణ్యములు ఈ తోటలకై విస్తారముగా నరకబడినవి. అచ్చటి చిత్తడినేలలలో చెట్టుచేమల శేషము వేలయేండ్లుగా పేరుకొనియున్నది. కాలువలు త్రవ్వి నీరు తీసివేసినచో ఆ నేలయే యెండి కట్టెవలె మండును. 1997లోను, 2015లోను అట్లు రేగిన మంటల పొగ మలేషియా, సింగపూరులను సైతము క్రమ్మెను. ఒరాంగుటాను అను తోకలేని పెద్దకోతి ఆ రెండు ద్వీపముల అడవులలో తప్ప మరెచ్చటను లేదు. దానికిప్పుడు నిలువ నీడ కరవగుచున్నది.

ఇందు మన పాలెంత యనిన, పామాయిలు దిగుమతిలో మన దేశమే ప్రపంచమున మొదటిది. ఏటేట సుమారు 75 మొదలు 100 లక్షల టన్నుల వరకు తెచ్చుకొనుచున్నాము. 1986లో నూనెగింజల అభివృద్ధికై కేంద్రప్రభుత్వము ప్రత్యేక యత్నము సాగింపగా, కొన్ని యేండ్లలోనే దేశము ఇంచుమించు స్వయంపోషకమయ్యెను. 1994లో పామోలిన్ దిగుమతికి ద్వారములు తెరువబడి, తరువాత సుంకములును తగ్గింపబడినవి. చౌకనూనె వెల్లువలో మన గానుగలు మూలబడినవి. అనగా అచ్చట అడవి నరకబడినది. ఇచ్చట మన గింజకు గిరాకి తరిగినది. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా ఎగుమతులను ఆపినపుడు, మూడువారములకు పైగా మనము పరులదయకై ఎదురుచూడవలసివచ్చెను.

అయితే పామాయిలును సమూలముగా విడువుడని మేము చెప్పము. ఎకరమునకు టన్నుకు మించి నూనె నిచ్చు పంట మరొకటి లేదు. అందరును దానిని మాని సోయానూనెకు మరలినచో, అంతకు కొన్ని రెట్లు నేల వలయును. ఆ భారము వేరొక అడవిపై పడును. తెలంగాణమునందు సాగుభూములలో వేసిన ఆయిల్‌పామ్ తోట అడవిని నరకదు. కాని దానికి ఏడాది పొడవునను సమృద్ధిగా నీరు కావలెను. ఎండకాలమున బోరు వట్టిపోవు రైతు రెండుమార్లు యోచింపవలెను.

కొనువాని మాటకు బలము లేదనుకొనరాదు. బ్రెజిల్‌లో అమెజాను అడవి నరికి సోయా వేయుచుండగా, యూరపు కొనుగోలుదారుల ఒత్తిడిచే 2006లో పెద్ద వర్తకులు కొత్తగా నరికిన నేలలోని సోయాను కొనమని ఒప్పుకొనిరి. పిమ్మట సోయాకై అచ్చట అడవి నరుకుట మిక్కిలి తగ్గెను.

మనము చేయదగినది స్వల్పమే. పొట్లముపై ముద్రించిన పదార్థముల పట్టికను చదువుకొన్న పిల్లలచే చదివింపుడు. ఏ నూనె వాడిరో అందు తెలుపవలెనని నిబంధన గలదు. సబ్బుపై 'సోడియం పామేట్' అని యున్న నది పామాయిలు సంబంధమైనదే. ఆర్‌ఎస్‌పీవో గుర్తు కనబడినచో దానిని ఎంచుకొనుడు. 2004లో ఏర్పడిన ఆ సంస్థ, కొత్త తోటలకై అడవిని నరకరాదని 2018లో తన నియమములను బిగించెను.

అన్నింటికంటె ముఖ్యమైనది మన చేనిలోనే యున్నది. కుసుమ నల్లరేగడిలో నిలిచిన తేమతోనే యాసంగిలో పండును. ముండ్లమొక్క యగుటచే జొన్నకును, శనగకును చుట్టు నాలుగు సాళ్లు వేసినచో పశువులకు అడ్డుగా నుండును. ఆ గింజలను అమ్మి పామాయిలు కొనుటకు మారుగా, ఇంటికి చాలినంత ఉంచుకొని గానుగ ఆడించుకొనుడు. పిండి పశువులకు దాణాయగును. ఒక్కరికి గానుగకు పోవు ఖర్చు గిట్టకపోవచ్చును. పదిమంది గింజలు కలిపినచో గిట్టును. సహకారమన నిదియే గదా! వచ్చు యాసంగిలో ఇందుకు సిద్ధపడు సభ్యులు తమ పేర్లను సంఘమునందు ముందుగా తెలుపవలెనని కోరుచున్నాము.