శ్రుతి సడలించుట

నేటి ప్రసంగము తంబురా శ్రుతిని గూర్చినది. భజన గోష్ఠులకు పోవుట నాకు చిరకాలపు అలవాటు. పాటను గూర్చియు, తాళమును గూర్చియు పెద్దలు విరివిగా ముచ్చటింతురు. ఏ పాటకు ఏ శ్రుతి తగునో యోచించువారు మాత్రము కొలదిమంది.

పులివెందులకు చేరువనున్న యొక గ్రామమున, శనివారపు భజనలో, డెబ్బదియేండ్లు దాటిన పెద్ద యొకరు కురంజి రాగమున లాలి యెత్తుకొనిరి. ఆ లాలి ఆ యూర ఆయనకు దక్క నితరులకు రాదు. ఆయన కంఠము తాళముల మ్రోతలో మునిగిపోయెను. "తాతా, నీ గొంతు పోయింది. లాలి చాలించి మంగళం పాడుదాం" అని యొక యువకుడనెను. ఆయన నావైపు చూచి, "నిజమే నాయనా, ఈ పాట ఇంక నాతోనే పోతుంది" అనిరి. అంతకు కొంత ముందే ఆయన యొక కీర్తనలో తారస్థాయి నవలీలగా ముట్టియుండిరి. పోయినది కంఠము కాదు, శ్రుతి పొసగలేదు.

కారణము విన్నవించెదను. తంబురాకు నాలుగు తంతులు. సామాన్యముగా మొదటిది పంచమము, నడిమి రెండును షడ్జమము, కడపటిది మంద్రషడ్జమము. పెక్కు కీర్తనలు తారషడ్జమమును దాటి పైకి పోవును. కాని కురంజి, నాదనామక్రియ, పున్నాగవరాళి వంటి రాగములు అంత యెత్తునకు పోవు. కురంజి క్రింద నిషాదము మొదలు మీద ధైవతము వఱకే సంచరించును. కావున పాటంతయు కంఠపు క్రిందిభాగముననే నిలిచి, వినవచ్చుట కష్టమగును.

దీనికై మన పూర్వులు మధ్యమశ్రుతి నేర్పఱచిరి. పంచమపు తంతిని ఒక పూర్తి స్వరము మేర సడలించి మధ్యమమునకు దింపి, ఆ మధ్యమమునే షడ్జమముగా భావించి పాడవలెను. అప్పుడు పాత షడ్జమము క్రొత్తదానికి పంచమమై పలుకును. హార్మోనియముపై ఒకటవ తెల్లమెట్టు షడ్జమముగా పాడువారు నాలుగవ తెల్లమెట్టునకు మాఱవలెను. నేటి విద్యుత్తంబురాలలో అనేకములకు పంచమమునో మధ్యమమునో యెన్నుకొను మీట కలదు.

నేను బిరడ త్రిప్పి, పూసతో సరిచూచి, పెద్దాయనను మరల పాడుమని వేడితిని. లాలి తాళములపై తేలి స్పష్టముగా వినవచ్చెను. చాలింపుమన్న యువకుడే చరణము చరణమును ఆయనవెంట పలుకసాగెను.

తంతిని సడలించి పాటకు పొందుపఱచుట మనకే పరిమితము కాదు. ప్రొద్దుటూరున నొక మిత్రుని యింట హవాయి ద్వీపముల గిటారు వింటిని. 1830 తరువాతి యేండ్లలో అచటి పసులకాపరులకు పని నేర్ప మెక్సికోనుండి వచ్చినవారు గిటార్లు తెచ్చిరట. ద్వీపవాసులు దాని యాఱు తంతులలో మూటిని ఒక్కొక్క స్వరము సడలించిరి. అప్పుడు మెట్లు ముట్టకయే స, గ, ప అను స్వరములు మాత్రమే మ్రోగును. ఆ శ్రుతికి వారి పేరు చేమమడి! వారికి చేమదుంప ప్రధానాహారము. పాటలో నిషాదమునకు ప్రాధాన్యమున్నచో, ఒక షడ్జమపు తంతిని అరస్వరము దింపి నిషాదము చేసికొందురు. పాటనుబట్టి శ్రుతి గాని, శ్రుతినిబట్టి పాట కాదు.

అయితే యొక హెచ్చరిక. ఈ సంగతి విని జమ్మలమడుగున కొందఱు యువకులు అన్ని పాటలకును మధ్యమశ్రుతియే పెట్టిరి. తారగాంధారము వఱకు పోవు మోహన కీర్తన వచ్చినంతనే గొంతులు చీలినవి. తంతిని మరల పంచమమునకు బిగించిన తరువాతనే భజన సాగెను.

కాబట్టి పాట యెత్తుకొనుటకు ముందు రెండు ప్రశ్నలు వేసికొనుడు. ఈ పాట యెంత క్రిందికి దిగును? ఎంత పైకి పోవును? ఆ రెంటి నడుమ పాడువాని కంఠము సుఖముగా నిలుచునట్లు శ్రుతి పెట్టుడు. బ్రహ్మంగారి తత్త్వములు పాడువారి యేకతారకు తంతి యొక్కటే. వారును దానిని తమ గొంతునకు కలుపుకొనియే మొదలిడుదురు.

మీ యూర నే వృద్ధుడైనను "నా గొంతు పోయినది" అని లాలి మానుకొన్నచో, ఆ మాటను వెంటనే నమ్మకుడు. ముందుగా తంబురాలో నొక తంతిని సడలించి చూడుడు.