పాత పెట్రోలు బంకు పరికరాల సేకరణ

పాత పెట్రోలు బంకు పరికరాల సేకరణ అనగా పెట్రోలు బంకులలోను, మోటారు మరమ్మతు షెడ్లలోను ఒకప్పుడు వాడి మూలన పడవేసిన పంపులు, కొలపాత్రలు, పనిముట్లు, నామఫలకాలను సంపాదించి భద్రపరచే అభిరుచి. ఇటువంటి వస్తువులు చాలావరకు పాత ఇనుము క్రింద తూకానికి అమ్ముడై కరిగిపోతుంటాయి.

నేపథ్యం

1957లో విశాఖపట్నంలో కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం ప్రారంభమైంది. ప్రభుత్వపరం కాకముందు దేశంలో బర్మా షెల్, ఎస్సో, కాల్టెక్స్ పేర్లతో బంకులు ఉండేవి. 1974లో ఎస్సో, 1976లో బర్మా షెల్, కాల్టెక్స్ ప్రభుత్వపరమయ్యాయి. ఎస్సో వ్యాపారం హిందుస్తాన్ పెట్రోలియంగాను, బర్మా షెల్ వ్యాపారం భారత్ పెట్రోలియంగాను మారగా, కాల్టెక్స్ 1978లో హిందుస్తాన్ పెట్రోలియంలో విలీనమైంది. పేర్లు మారడంతో పాత ఎనామెల్ ఫలకాలకు పని లేకపోయింది. మాడుగుల, చోడవరం, అనకాపల్లి వంటి ఊళ్ళలోని ఏ పాత షెడ్డులోనైనా కాల్టెక్స్ ఎర్ర నక్షత్రపు ఫలకం దొరికితే, అది నకలు కానిపక్షంలో, ఆ మార్పుకు ముందుకాలపుదని చెప్పవచ్చు.

ముఖ్యమైన వస్తువులు

* చేతిపంపు: మీట ఆడిస్తే భూమిలోని ట్యాంకు నుండి పెట్రోలు పైనున్న గాజుపాత్రలోకి చేరుతుంది. కొనేవారు కొలత చూసుకొన్న తరువాత అది గొట్టం ద్వారా వాహనంలోకి దిగుతుంది.
* విట్‌వర్త్ స్పానర్లు: 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన మరల కొలతలకు సరిపోయేవి. వీటిపై ఉండే అంకె స్పానరు నోటి వెడల్పును గాక బోల్టు వ్యాసాన్ని తెలుపుతుంది.
* గ్రీజు గన్నులు, మూతి సన్నని నూనె డబ్బాలు, బెంచి వైసులు.

కాలనిర్ణయం

పంపుపై ధర అణాలలో ఉంటే అది దశాంశ నాణేలు వచ్చిన 1957 ఏప్రిల్ 1కి ముందు తయారైనదిగా భావించవచ్చు. 1956 నాటి తూనికలు, కొలతల చట్టం తరువాత దశలవారీగా గాలను స్థానంలో లీటరు వచ్చింది. ఒక గాలను సుమారు 4.546 లీటర్లు.

జాగ్రత్తలు

ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి నిప్పు తగిలితే పేలుతుంది. కనుక దానిని పూర్తిగా శుభ్రపరచి, ఆవిరి లేదని నిర్ధారించుకొనేవరకు వెల్డింగు చేయరాదు. మన దేశంలో 2000 వరకు సీసం కలిసిన పెట్రోలు వాడుకలో ఉన్నందున లోపలి మడ్డిని చేతితో తాకరాదు. పాత రంగులలో కూడా సీసం ఉండవచ్చు. ఎనామెల్ ఫలకాలను సబ్బునీటితో మెత్తగా తుడవాలి. ఆమ్లాలు, తీగ బ్రష్షులు వాడినా, కొత్త రంగు వేసినా అసలు రూపం పోతుంది.

వివరాల నమోదు

వస్తువు ఏ ఊరిది, ఏ బంకులో ఎప్పటివరకు వాడారు, ఎవరి వద్ద లభించింది అనే వివరాలను దొరికిన రోజుననే వ్రాసిపెట్టడం అవసరం. వాడినవారి జ్ఞాపకాలు వారితోనే పోతాయి. ఆ వివరాలు లేని పంపు చూడముచ్చటగా ఉండవచ్చునే గాని, ఆ ఊరి చరిత్రకు సాక్ష్యం కాజాలదు.