కోత లేకుండా లోపలి దారి ఎలా తెరుస్తారు?

తాతయ్యకు ముద్ద దిగడం లేదని డాక్టర్లు స్టెంట్ వేశారట. ఎక్కడా కోయకుండా అది లోపలికెలా వెళ్లిందబ్బా అనిపిస్తోంది కదూ?

పెద్దవాళ్లలో ఆహారవాహిక సుమారు 25 సెంటీమీటర్ల మెత్తటి గొట్టం. అందులో గడ్డ పెరిగితే దారి ఇరుకవుతుంది. అప్పుడు మత్తిచ్చి, కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని నోట్లోంచి పంపి చూస్తారు. ముందు ఒక సన్నని తీగను ఇరుకు దాటిస్తారు. అసలు నేర్పంతా అక్కడే! ఆ తీగ మీదుగా, మడిచిన గొడుగులా ముడుచుకున్న జాలీ గొట్టాన్ని, అంటే స్టెంట్‌ను, జార్చి, పైతొడుగు లాగేస్తారు. అంతే, అది విచ్చుకుంటుంది. నికెల్, టైటానియం కలిసిన ఆ లోహం ఒంటి వేడికి తన అసలు ఆకారానికి వచ్చేస్తుంది. పూర్తిగా తెరుచుకోవడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు.

మొదట ద్రవాలే, తర్వాత మెత్తటి తిండి. బాగా నమలమని తాతయ్యకు మీరే గుర్తుచేయండి.