వెబ్‌సైట్ కోడ్ అర్థం కావడం లేదా? ఒక గంట సాయం ఇలా తీసుకోండి



సింగపూర్ ప్రాథమిక పాఠశాలల్లో పై తరగతుల పిల్లలందరికీ 2020 నుంచి ‘కోడ్ ఫర్ ఫన్’ కింద పది గంటల కోడింగ్ శిక్షణ ఉంటోంది. అయితే ఆ పది గంటలకూ, అసలైన వెబ్‌సైట్ కోడ్ చదవడానికీ చాలా దూరం ఉంది. నాన్నగారి దుకాణం సైటో, సంఘం సైటో చేతికొస్తే వందల వరుసలు చూసి పిల్లలే కాదు, కొత్తగా నేర్చుకుంటున్న పెద్దలూ బెదిరిపోతారు. బిషాన్ చుట్టుపక్కల మన కుటుంబాల్లో ఐటీ ఉద్యోగం చేసే అన్నయ్యో, అక్కయ్యో, బాబాయిగారో దొరకడం కష్టం కాదు. వారి సమయం వృథా కాకుండా, మనకు చదువు వచ్చేలా సాయం అడగడం ఎలాగో చూద్దాం.

ముందు మీరు చేయవలసినది

విండోస్ కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి కంట్రోల్, యు మీటలు కలిపి నొక్కితే ఆ పేజీ కోడ్ కనిపిస్తుంది. అందులో హెచ్‌టీఎంఎల్ పేజీలో ఏమేమి ఉన్నాయో చెబుతుంది. అవి ఎలా కనిపించాలో సీఎస్‌ఎస్, బటన్ నొక్కితే ఏం జరగాలో జావాస్క్రిప్ట్ చెబుతాయి. మొత్తం చదవాలని కూర్చోవద్దు. ఒక్క బటన్ ఎంచుకోండి.

ఉదాహరణకు ఉగాది భోజనాలకు పేర్లు నమోదు చేసే పేజీ అనుకుందాం. ఫోన్ నంబర్ ఖాళీగా వదిలి నొక్కితే ఎర్ర అక్షరాల్లో ఒక హెచ్చరిక వస్తుంది. ఆ మాటలనే కోడ్‌లో వెతకండి. దొరికితే ఆ చుట్టుపక్కల వరుసలు చదవండి. దొరకకపోతే అవి వేరే ఫైల్‌లోనో, సర్వర్‌లోనో ఉన్నాయన్నమాట. అక్కడ మీ ప్రశ్న మొదలవుతుంది.

“ఈ కోడ్ అర్థం కాలేదు” అంటే ఎంత తెలిసినవారైనా ఎక్కడ మొదలుపెట్టాలి? “నంబర్ లేకుండా నొక్కితే హెచ్చరిక వస్తోంది, దాన్ని పంపే వరుస ఏది?” అని అడిగితే త్వరగా తేలుతుంది.

పక్కన కూర్చున్నప్పుడు

కీబోర్డు నేర్చుకునేవారి చేతిలోనే ఉండాలి. తెలిసినవారు పది నిమిషాల్లో సరిచేసి వెళ్లిపోతే సైట్ నడుస్తుంది, కానీ వచ్చే నెల మళ్లీ ఆగితే మళ్లీ వారినే పిలవాలి. ఒక వరుస మార్చే ముందు ఏం జరుగుతుందో ఊహించి చెప్పమనండి, తర్వాత మార్చి చూడండి. గంట చివర, నేర్చుకున్నది అమ్మకో నాన్నకో తెలుగులో చెప్పించండి. వినేవారికి కోడింగ్ రానక్కర్లేదు. పిల్లలు ఎక్కడ తడబడితే అక్కడ మళ్లీ అడగాలి.

డబ్బిచ్చి ట్యూటర్‌ను పెట్టుకుంటే, నెలల ఫీజు ముందే కట్టకుండా ఒక్క గంట మీ సొంత ప్రశ్నతో చూడండి. చిన్నపిల్లలైతే ఆన్‌లైన్ పాఠమైనా హాల్లోనే జరగనివ్వండి.

ఇవ్వకూడనివి

ఎంత దగ్గరవారైనా పాస్‌వర్డ్ ఇవ్వవద్దు. సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న జాబితా పంపవద్దు. 2012 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం ఆ సమాచారాన్ని కాపాడే బాధ్యత సంఘాలకూ ఉంది. కోడ్‌కు నకలు తీసి, అసలు పేర్ల చోట కల్పిత పేర్లు పెట్టి చూపించండి. ఏఐ చాట్‌బాట్‌ను అడిగినా ఇదే నియమం.

మీ బ్రౌజర్‌లో కోడ్ మార్చి చూస్తే సాధారణంగా మీ తెర మీదే మారుతుంది, పేజీ మళ్లీ తెరిస్తే పాత రూపం వస్తుంది. కానీ అనుమతి లేకుండా ఇతరుల ఖాతాలోకో, సర్వర్‌లోకో వెళ్లడం కంప్యూటర్ మిస్‌యూజ్ చట్టం కింద నేరం. ఈ తేడా పిల్లలకు మొదటి రోజే చెప్పాలి.

పెద్దలకు ఒక మాట: స్కిల్స్‌ఫ్యూచర్ క్రెడిట్ 25 ఏళ్లు నిండిన సింగపూర్ పౌరులకే. అది ఆమోదం పొందిన కోర్సులకు పనికొస్తుంది, ఇంటి ట్యూటర్ ఫీజుకు కాదు.

ఐటీలో ఉన్న సభ్యులకు మనవి. మన పిల్లల్లో ఎవరైనా ప్రశ్న రాసుకుని మీ దగ్గరకొస్తే ఒక గంట కేటాయించండి. కీబోర్డు మాత్రం వారికే వదలండి.