“బయటే తినేశా” అనే మాట వెనక: ఈటింగ్ డిజార్డర్‌ని ముందే గుర్తుపట్టడం ఎలా?

ఈ ఎపిసోడ్‌లో ఈటింగ్ డిజార్డర్స్ గురించి మాట్లాడుకుందాం. ముందే ఒక మాట. ఇందులో బరువు అంకెలు, కేలరీ లెక్కలు ఏవీ చెప్పను. ఈ సమస్యలో ఉన్నవాళ్లకి అలాంటి అంకె కనిపిస్తే అదే టార్గెట్ అయిపోతుంది. కామెంట్లలో కూడా రాయకండి, ప్లీజ్.

ఈటింగ్ డిజార్డర్ అనగానే మనకి గుర్తొచ్చేది ఎముకలు బయటపడిన అమ్మాయి ఫొటో. అది అనొరెక్సియా, అదీ బాగా ముదిరాక. బులీమియా వేరు. ఒక్కసారిగా చాలా తినేసి, ఆ తర్వాత భయంతో వాంతి చేసుకోవడమో, మందులు మింగడమో, కడుపు మాడ్చుకోవడమో చేస్తారు. వీళ్లలో చాలామంది చూడ్డానికి మామూలు బరువుతోనే ఉంటారు. బింజ్ ఈటింగ్ అని ఇంకోటుంది. ఆపుకోలేకుండా తినడం, తర్వాత సిగ్గుతో కుమిలిపోవడం. డాక్టర్లు వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకం 2013లో దీన్ని విడి జబ్బుగా చేర్చింది. వీళ్లు లావుగానూ ఉండొచ్చు. కాబట్టి మనిషి సైజు చూసి చెప్పడం కుదరదు. కంచం దగ్గర ఏం జరుగుతోందో చూడాలి.

నేనుండే ఖైరతాబాద్‌లో హాస్టళ్లకి కొదవ లేదు. హాస్టల్‌లో ఒక అమ్మాయి పొద్దున టిఫిన్ తినకపోతే, “కాలేజీ క్యాంటీన్‌లో తింటుందిలే” అనుకుంటుంది రూమ్మేట్. క్యాంటీన్‌లో ఫ్రెండ్స్, “హాస్టల్‌లో తినొచ్చిందట” అనుకుంటారు. రాత్రి అమ్మ ఫోన్ చేసి “తిన్నావా?” అంటే “ఆ, బయటే తినేశా”. ముగ్గురికీ జవాబు దొరికింది. కానీ ఆ పిల్ల రోజంతా సరిగ్గా నాలుగు ముద్దలు కూడా తినలేదు. ఎవరి ముక్క వాళ్ల దగ్గరే ఉంది, మొత్తం కలిపి చూసినవాళ్లు లేరు. అందుకే అనుమానం వస్తే ముందు ఆ ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి.

ఇంకో చిక్కుంది. మన దగ్గర ఈ జబ్బుకి మంచి మంచి ముసుగులు దొరుకుతాయి. గ్యాస్ అంటాం, అజీర్తి అంటాం, శనివారం ఒక్కపొద్దు అంటాం. విడివిడిగా చూస్తే అన్నీ నిజాలే. కానీ ఒక్కపొద్దు ఉన్నవాళ్లు విడిచే టైమ్ కోసం ఎదురుచూస్తారు. ఆ టైమ్‌కి మళ్లీ కొత్త సాకు వస్తుంటే, వారంలో ఒక్క రోజు మూడు రోజులైపోతుంటే, అప్పుడు ఆలోచించాలి. 1990లలో హాంకాంగ్‌లో సింగ్ లీ అనే సైకియాట్రిస్టు ఒక విషయం గమనించారు. ఆయన చూసిన అనొరెక్సియా పేషెంట్లలో చాలామంది “లావైపోతానని భయం” అని అనలేదు, “కడుపు ఉబ్బరం, తినబుద్ధి కావట్లేదు” అన్నారు. పాశ్చాత్య పుస్తకాల్లో ఉన్న లక్షణం కోసమే వెతికితే ఇలాంటివాళ్లు తప్పిపోతారు. మన ఇళ్లలో వినిపించేదీ ఎక్కువగా కడుపు మాటే కదా!

చాలామందిని తికమక పెట్టే గుర్తు ఒకటి చెప్తా. తను తినదు, కానీ ఫోన్ నిండా బిర్యానీ రీల్సే. అందరికీ వండిపెడుతుంది, పక్కన కూర్చుని చూస్తుంది. “తిండి అంటే ఇంత ఇష్టం, ఈమెకేం జబ్బు?” అనిపిస్తుంది. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకి నెలల తరబడి తిండి తగ్గించి చూశాడు. యుద్ధంలో ఆకలితో మాడినవాళ్లకి మళ్లీ ఎలా తినిపించాలో తెలుసుకోవడం కోసం చేసిన ప్రయోగం అది. తిండి మీద అంతకుముందు ప్రత్యేక ఆసక్తి లేనివాళ్లు కూడా వంటల పుస్తకాలు పోగేశారు. ప్లేటులో ఉన్నది గంటల తరబడి తిన్నారు. చిరాకు పెరిగింది, ఫ్రెండ్స్‌కి దూరమయ్యారు. అంటే మనం “మొండితనం” అని తిట్టే పనుల్లో సగం ఆకలి చేయించేవే.

ఒంట్లో కూడా తెలుస్తుంది. మే నెల ఎండలో స్వెటర్. జుట్టు కుచ్చులుగా ఊడటం. పీరియడ్స్ ఆగిపోతే వెంటనే పీసీఓడీ అనేసుకుంటాం, తిండి సంగతి ఎవరూ అడగరు. పదేపదే వాంతి చేసుకునేవాళ్లకి చెవుల కింద, దవడ దగ్గర వాపొస్తుంది, గవదబిళ్ళల్లాగా. పళ్ల మీద ఎనామెల్ అరుగుతుంది. ఒక్కోసారి మొదట పసిగట్టేది పళ్ల డాక్టరే. తిన్న వెంటనే ప్రతిసారీ బాత్రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పుకుంటుంటే పట్టించుకోండి. అన్నిటికంటే ప్రమాదం బయటికి కనిపించనిది. వాంతుల వల్ల రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పొచ్చు. స్పృహ తప్పినా, గుండె దడ వస్తున్నా, వాంతిలో రక్తం కనిపించినా, చచ్చిపోవాలనిపిస్తోందని అన్నా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

అబ్బాయిలూ, ఇది మీకు కూడా. జిమ్‌కి ఒక్క రోజు వెళ్లకపోతే భయం పట్టుకోవడం, “కటింగ్” పేరుతో ఫ్రెండ్ పెళ్లి భోజనం కూడా ఎగ్గొట్టడం, కండలున్నా అద్దంలో బక్కగా కనిపించడం. దీన్ని ఫిట్‌నెస్ అని మెచ్చుకుంటారు కాబట్టి ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. ‘దేవదాసు’, ‘పోకిరి’ సినిమాల ఇలియానా, తనకి బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ ఉందని 2017లో ఢిల్లీలో మానసిక ఆరోగ్య సదస్సులో చెప్పారు. అది ఈటింగ్ డిజార్డర్ కాదు, దానికి దగ్గరి చుట్టం. తెర మీద లక్షల మంది మెచ్చిన మనిషికే తన ఒళ్లు తనకి తప్పుగా కనిపించిందంటే, “నువ్వు బాగానే ఉన్నావ్‌లే” అన్న మన ఒక్క మాట ఎంత పని చేస్తుందో మీరే చెప్పండి.

మరి ఏమనాలి? “ఎంత సన్నబడ్డావే!” అనొద్దు, ఆ జబ్బు చెవికి అది మెచ్చుకోలు. అందరి ముందు అడగొద్దు. పక్కకి పిలిచి, చూసింది చూసినట్టు చెప్పండి: “రెండు వారాలుగా మాతో కూర్చుని తినట్లేదు, నిన్న మెట్ల దగ్గర కళ్లు తిరిగాయి, నాకు భయంగా ఉంది. డాక్టర్ దగ్గరికి నేనూ వస్తా.” మొదటిసారి కోపంతో వెళ్లిపోవచ్చు, మళ్లీ అడగండి. బలవంతంగా కుక్కి తినిపించొద్దు. చాలా రోజులు మాడిన ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ తిండి కూడా ప్రమాదమే, డాక్టర్ చూస్తుండగా మెల్లగా పెంచాలి.

ఎక్కడికెళ్లాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. నాంపల్లిలో ఎక్కినా ఖైరతాబాద్‌లో ఎక్కినా మెట్రో రెడ్ లైన్‌లో నేరుగా దిగొచ్చు. “నిన్ను ఎర్రగడ్డకి పంపాలిరా” అని మన ఊళ్లో జోకులేస్తారు. ఆ జోకు వల్లే ఓపీకి వెళ్లాల్సినవాళ్లు ఇంట్లో కూర్చుంటున్నారు. వెళ్లేటప్పుడు ఫోన్‌లో నోట్ చేసుకోండి: చివరి పీరియడ్ ఎప్పుడు, కళ్లు ఎన్నిసార్లు తిరిగాయి, వాంతులు చేసుకుంటున్నారా, ఏయే మాత్రలు వాడుతున్నారు. “గ్యాస్ ప్రాబ్లమ్ సార్” అని మాత్రం మొదలుపెట్టకండి. తిండి విషయం ముందు చెప్పి, పొటాషియం టెస్టు, ఈసీజీ అవసరమా అని అడగండి.