నీటిరంగులలో కట్టడాలు

శిల్పి రాతితో నిర్మించిన దానిని చిత్రకారుడు కాగితంపై నిలుపుతాడు. రాయి శిథిలమైననాడు ఆ కాగితమే దానికి సాక్ష్యమవుతుంది. ఇందుకు అమరావతి స్తూపమే నిదర్శనం. కాలిన్ మెకంజీ 1797లో ఆ స్తూపాన్ని తొలిసారి దర్శించాడు. 1816లో తిరిగి వచ్చేసరికి అక్కడి రాళ్లు అనేకం ఇతర నిర్మాణాలకు తరలిపోయాయి. మిగిలిన శిల్పాలను ఆయన తన బృందంలోని చిత్రకారులచేత గీయించాడు. వాటిలో కొన్ని ఆ తరువాత నశించాయి. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రపరచిన ఆ చిత్రాలలో మాత్రమే అవి నేడు దర్శనమిస్తాయి.

కట్టడాలను చిత్రించడానికి సులభంగా లభించే సాధనం నీటిరంగు. మెత్తని రంగుపొడిని తుమ్మజాతి చెట్ల జిగురుతో కలిపి దీనిని తయారుచేస్తారు. నీటితో పలుచబడిన ఈ రంగు పారదర్శకం. అడుగున ఉన్న తెల్లని కాగితం దాని గుండా ప్రకాశిస్తుంది. కనుక ఈ పద్ధతిలో వెలుగు అంటే రంగు వేయక విడిచిన కాగితమే. ఎక్కడ వేయాలో కన్న ఎక్కడ వేయకూడదో చిత్రకారుడు ముందుగా నిర్ణయించుకోవాలి.

రామచంద్రపురానికి చేరువలోని ద్రాక్షారామ భీమేశ్వరాలయాన్ని ఉదాహరణగా తీసుకొందాం. తూర్పు చాళుక్యుల నాటి ఈ ఆలయాన్ని శ్రీనాథ మహాకవి పద్యాలలో కీర్తించాడు. ఇక్కడి శివలింగం మిక్కిలి ఎత్తైనది. అందుచేత గర్భాలయాన్ని రెండు అంతస్తులుగా నిర్మించి, పై అంతస్తు నుండి అభిషేకం చేస్తారు. కట్టడం ఎందుకు అలా ఉన్నదో తెలిసినవానికే అది ఎలా ఉన్నదో స్పష్టంగా కనబడుతుంది.

మొదట పెన్సిలుతో రేఖలు గీయాలి. ఎదురుగా సాగిపోయే ప్రాకారంలో, చూచేవాని కంటికన్న ఎత్తున ఉన్న అంచులు దూరం పోయే కొద్దీ కిందికి వాలినట్లును, దిగువన ఉన్నవి పైకి లేచినట్లును తోస్తాయి. ఈ నియమం తప్పితే గోడ ఒరిగినట్లు కనబడుతుంది. తరువాత నీడల హద్దులను గుర్తించాలి. సూర్యునితోపాటు నీడ కదిలిపోతుంది కనుక ఈ పనిలో ఆలస్యం పనికిరాదు.

అటుపై లేత రంగుతో ఆరంభించి, క్రమంగా ముదురు రంగులకు పోవాలి. ఒక పూత పూర్తిగా ఆరిన పిదపనే మరొక పూత వేయాలి. తడి ఆరకముందే తొందరపడితే రంగులు కలిసిపోయి అంచులు చెదరుతాయి. గోదావరి సీమలోని తేమగాలికి పూత ఆలస్యంగా ఆరుతుంది. కాబట్టి ఇక్కడి చిత్రకారునికి ఓర్పు మరింత అవసరం. గోపురంపై ఉన్న ప్రతి బొమ్మనూ గీయనక్కరలేదు. బొమ్మల కింద పడిన నీడలను చిత్రిస్తే బొమ్మలు వాటంతట అవే రూపుదిద్దుకొంటాయి. ద్వారం వద్ద ఒక మనిషిని నిలిపితే గోపురం ఎత్తు తెలుస్తుంది.

ఆలయాలకు సంరక్షకులు ఉంటారు. ఊరిలోని పెంకుటిళ్లకూ, మండువా లోగిళ్లకూ అట్టి రక్షణ లేదు. అవి ఒక్కొక్కటిగా నేలమట్టమై మేడలకు చోటిస్తున్నాయి. అమరావతి శిల్పాల వలెనే వాటి రూపం కూడా రేపటివారికి మిగలాలంటే, అవి నిలిచి ఉండగానే శ్రద్ధగా చూచి చిత్రించాలి. విద్యార్థి చేతిలోని చిన్న కుంచె కూడా చరిత్రకు చేయగల సేవ ఇది.